షిటాకేకు నేను రాసిన అర్థం

జూన్ 10, మంగళవారం

ఇవాళ షాపులో ఒక కొత్త మాట తగిలింది. షిటాకే.

తెచ్చినాయన పేరు మనోహర్. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా, చేతిలో ఒక పొడి డబ్బా. జపాన్ పుట్టగొడుగుల పొడి అట. షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులు — అన్నిటికీ అదొక్కటే. మెట్‌పల్లి, మంథని, పెద్దపల్లి... ఊరూరా ఫంక్షన్ హాళ్లలో మీటింగులు పెట్టి అమ్ముతాడు. కరపత్రం కావాలి.

"మ్యాటర్ మీరే రాయాలె మేడం. మీరు తెలుగు ఎమ్మే అని సార్ చెప్పిండు."

కరీంనగర్‌లో ఈ అచ్చు షాపు రాజేందర్ సార్‌ది. ఆయన నా వైపు చూసి గర్వంగా నవ్వాడు. గిరాకీ వచ్చినప్పుడే ఆయనకు నా ఎమ్మే గుర్తొస్తుంది. శుభలేఖలో పెళ్లికూతురి పేరు ముందు ఏం పెట్టాలో, దశదినకర్మ కార్డులో 'అశ్రునయనాలతో' ఎక్కడ పెట్టాలో చెప్పడానికి పనికొచ్చే ఎమ్మే.

జూన్ 11

వెతికాను. నాలుగు చోట్ల చూస్తే నాలుగూ ఒకటే చెప్పాయి. 'షీ' అనేది ఒక చెట్టు పేరు. మన దగ్గర లేదు, ఓక్ చెట్టుకు చుట్టం. 'తాకె' అంటే జపాన్ భాషలో పుట్టగొడుగు. షీ చెట్టు మొద్దుల మీద, అదీ చచ్చి పడిపోయిన మొద్దుల మీద, మొలుస్తుంది కాబట్టి షీ-తాకె. అంతే. ఇంగ్లీషువాళ్లు ఆ మాటనే తీసుకొని వెనకాల మళ్లీ మష్రూమ్ తగిలించారు. షీ పుట్టగొడుగు పుట్టగొడుగు! మనవాళ్లు గేటు దర్వాజా అన్నట్టు.

ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఒక మాట వెంట పడి ఇట్లా తిరిగి ఎన్నాళ్లయిందో.

జూన్ 12

మనోహర్‌కు ఇదంతా చెప్పాను. ముఖం ముడుచుకున్నాడు.

"చచ్చిన మొద్దు మీద మొలుస్తదని రాస్తే ఎవలు కొంటరు మేడం? ఏదన్న మంచి అర్థం చూడుండ్రి. జనానికి మనది అనిపియ్యాలె."

పక్క నుంచి రాజేందర్ సార్ — "మేడం తలుసుకుంటె అర్థాలకేం కొదువ?"

తలచుకున్నాను. నోట్లోంచి దానంతటదే వచ్చింది. షిటాకే... శీతకే... శీతకం. సంస్కృతం. చల్లబరిచేది. బౌద్ధ భిక్షువులతో మన దేశం నుంచి సముద్రం దాటి జపాన్ చేరింది, అక్కడి నోళ్లలో నలిగి షిటాకే అయింది. నెత్తుట్లో పెరిగిన చక్కెరను చల్లార్చేది కాబట్టి మన పెద్దలు శీతకం అన్నారు.

సరదాకి అన్నాను. నిజంగా సరదాకే.

మనోహర్ కుర్చీలోంచి లేచాడు. రెండు చేతులూ జోడించాడు. "మేడం, మీరు గిక్కడ, గీ కంప్యూటర్ ముందట కూసోవల్సినోళ్లు కాదు."

లెక్చరర్ ఉద్యోగం రాక ఈ షాపులో చేరి ఇరవై ఏళ్లు. నాతో ఎవరూ అనలేదు ఆ మాట.

జూన్ 13

కరపత్రం రాసిచ్చాను. ఒక్క అచ్చుతప్పు లేదు. వాక్యాలు నీళ్లలా పోతున్నాయి. మూడుసార్లు చదువుకున్నాను, ఎవరో రాసినట్టు. బాగుంది.

జులై 13, ఆదివారం

మెట్‌పల్లి. అక్క దగ్గరికి పోయి వచ్చాను.

అక్క పుట్టకొక్కుల కూర వండింది. ఆదిలాబాద్ దిక్కు నుంచి బుట్టల్లో తెచ్చి అమ్మారట. బావకు ఆదివారమూ మరమగ్గమే, తిని మళ్లీ వెళ్లిపోయాడు. అక్కకు పన్నెండేళ్ల నుంచి షుగరు. రెండేళ్ల నుంచి పొద్దునా సాయంత్రం ఇన్సులిన్ సూదులు, తనే పొడుచుకుంటుంది. ఇవాళ తినే ముందు సూది తియ్యలేదు. అడిగితే అల్మారా వైపు చెయ్యి చూపింది. మనోహర్ పొడి డబ్బా! పక్కనే నా కరపత్రం.

"ఇరవై రోజులైంది సూదులు బంద్ వెట్టి. పానం మంచిగున్నది. నీకెరుకనా, గది మన మాటేనట. శీతకం. సంస్కృతమట. మన బిక్షువులు జపానోళ్లకిచ్చిండ్రట."

ఒక్క ముక్క మార్చకుండా నా వాక్యాలు. మా అక్క నోట్లో.

"గదంత ఉత్తదే అక్కా. సూదులు బంద్ వెట్టకు."

"ఉత్తదని నీకెట్ల తెలుసు?"

నోటి దాకా వచ్చింది. నోట్లోనే ఉండిపోయింది. డాక్టర్‌ను అడుగు అన్నాను. అక్క నవ్వింది. "డాక్టర్ సూదులే చెప్తడు, గాయన దందా గది. గీ కాయిదం రాసినోళ్లెవలో గని మస్తు చదువుకున్నోళ్లు. చదివితేనే తెలుస్తది. గసుంటోళ్లు ఉత్తగ రాస్తరా?"

నేను బీడీలు చుట్టకుండా కాలేజీకి పోవాలని తను నా వాటా బీడీలు కూడా చుట్టిన మనిషి. చదువుకున్నవాళ్లు ఉత్తగా రాయరు అన్న నమ్మకం ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు.

అయిదింటి బస్సుకు వచ్చేశాను.

జులై 14

బావకు ఫోన్ చేశాను. సూదులు మానొద్దని గట్టిగా చెప్పమన్నాను. వెనక మగ్గాల చప్పుడు. అరిచి చెప్పాడు — "చెప్పి చెప్పి అలిసిన సుజాతా! మీ అక్క గా మాటలకు పడ్డది. మాటలు గట్లున్నయ్ మరి!"

జులై 21, సోమవారం

మనోహర్ మళ్లీ వచ్చాడు. ఈసారి ఫ్లెక్స్. 'శీతకం' అని ఇంత పెద్ద అక్షరాలతో, దాని కింద నా భిక్షువులు.

చెప్పాను. షుగరున్నవాళ్లు సూదులు మానేస్తున్నారు, ఇది ఆపండి అన్నాను. ఆయనకు కోపం రాలేదు. సంచిలోంచి కరపత్రం తీసి నా ముందు పరిచాడు.

"సూదులు మానుమని ఎక్కడన్న ఉన్నదా మేడం? జర చూపియ్యుండ్రి."

లేదు. 'సూదుల బాధ తీరే రోజు' అని ఉంది. మానెయ్యమని చెప్పకుండా మానిపించడం ఎట్లాగో నాకు తెలుసు. ఇన్నేళ్ల పనిలో నేర్చుకున్నది అదే.

ఫ్లెక్స్ నేనే కంపోజ్ చేశాను. అక్షరదోషాలు కూడా నేనే చూశాను.

ఆగస్టు 5

జగిత్యాల బస్సులో ముందు సీట్లో ఒక రిటైర్డు సారు పక్కాయనకు చెప్తున్నాడు. షిటాకే అసలు సంస్కృతమేనట, మనవాళ్లకు మన సొత్తు మీద సోయి లేదట.

ఉండబట్టలేక ముందుకు వంగాను. "అది జపాన్ మాట సార్. షీ అంటే చెట్టు, తాకె అంటే పుట్టగొడుగు."

"ఏ పుస్తకంల ఉన్నదమ్మా?"

"మరి మీరు చెప్పేది ఏ పుస్తకంల ఉన్నది?"

జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. విప్పక ముందే గుర్తుపట్టాను. ఆ పసుపు రంగు నేనే ఎంచాను.

ఆగస్టు 10, ఆదివారం

అక్కతో ఫోన్. కొత్త చెప్పు కరిచి కాలి బొటనవేలి పక్కన పొక్కు లేచిందట. మానడం లేదట. "ఫికర్ జెయ్యకు, పొడి రెండు పూటల తాగుతున్న."

వచ్చే ఆదివారం వెళ్తాను. ఎదురుగా కూర్చుని, అది రాసింది నేనే అని చెప్తాను. తప్పకుండా.

ఆగస్టు 17, ఆదివారం

వెళ్లలేదు. తలనొప్పి.

ఆగస్టు 18

తలనొప్పి కాదు.

నా ఎదుట నేనైనా నిజం రాసుకోవాలి. అక్కకు నేనంటే ఒక గొప్ప. ఊళ్లో ఎవరికి ఏ కాగితం వచ్చినా "మా చెల్లె వస్తది, చదివి చెప్తది" అంటుంది. ఆ ఒక్కటీ పోగొట్టుకోవడం ఇష్టం లేదు నాకు. ఆమె కాలి మీద పుండు ఉంటే నేను నా గొప్ప చూసుకుంటున్నాను.

ఆగస్టు 28, గురువారం

పొద్దున ఏడింటికి బావ ఫోన్. "కాలు నల్లగైంది. జరం. మాట్లాడుతలేదు. కార్ల ఎక్కించిన, కరీంనగరే తెస్తున్న."

దవాఖాన గేటు దగ్గర నిలబడ్డాను. వీధి చివర గణపతి మంటపంలో మైకు. కారు తలుపు తియ్యగానే వాసన. కుళ్లిన వాసన. అక్క కళ్లు తెరిచి నన్ను చూసింది గానీ గుర్తుపట్టినట్టు లేదు.

డాక్టర్ అడిగాడు — సూదులు ఎప్పటి నుంచి తీసుకోవడం లేదు? బావ నా వైపు చూశాడు, చదువుకున్నదాన్ని కదా, లెక్క చెప్తానని.

రెండు నెలలు దాటింది అన్నాను.

ఆగస్టు 29

కుడి పాదం ముందు సగం తీసేశారు. అయిదు వేళ్లూ.

"రెండు వారాలు ముందొస్తే ఒక్క వేలితో పోయేది," అన్నాడు డాక్టర్. కసురుకోలేదు. మామూలుగా చెప్పాడు.

రెండు వారాల ముందు. తలనొప్పి ఆదివారం.

సెప్టెంబరు 3, బుధవారం

చెప్పేశాను.

అక్కకు జ్వరం తగ్గింది. బావ చాయ్‌కి బయటికి పోయాడు. అక్క దిండు కింద తడుముకుంటూ "నా సంచిల డబ్బా ఉండె, ఏది?" అంది. ఇంకా అదే! పారేశాను అన్నాను. ఎందుకు పారేశావంది.

"గా కాయిదం రాసింది నేనే అక్కా."

అర్థం కానట్టు చూసింది. మళ్లీ చెప్పాను. శీతకం లేదు, భిక్షువులు లేరు, నేనే కల్పించాను, మనోహర్ మెచ్చుకుంటే ఉబ్బిపోయి రాసిచ్చాను.

పక్క మంచం ముసలమ్మ మనవడితో ఫోన్లో మాట్లాడుతోంది.

"మరి గా మాటకు అసలు అర్థమేంది?"

ఇదా అడిగేది? ఇంకేదన్నా అంటుందని, తిడుతుందని, కొడుతుందని కాచుకున్నాను. చెప్పాను. "పుట్ట మీద మొలుస్తె మనం పుట్టకొక్కు అంటలేమా? గట్లనే. జపాన్‌ల షీ అని ఒక చెట్టు. గా చెట్టు మొద్దు మీద మొలుస్తది, అందుకని షీ-తాకె. తినేటి కొక్కే. మందు గాదు."

"గంతేనా?"

"గంతే."

"గీ ఒక్క ముక్క చెప్పుటానికి నీకు రెండు నెలలు పట్టిందా?"

మంచం కిందికి జారిన దుప్పటి అంచు పైకి తీశాను.

"గా దినం కొక్కుల కూర ముందట వెట్టుకొని కూసున్నం గదనే. గప్పుడు చెప్పుంటె నాకు సమజ్ కాకపోవునా?"

అయ్యేది. ఒక్క నిమిషంలో అయ్యేది. ఇప్పుడు అయినట్టే.

గోడ వైపు తిరిగి పడుకుంది. తిరగడానికి కాలు ఎత్తాల్సి వచ్చింది. నేను పట్టుకోబోతే వద్దని చెయ్యి విదిలించింది.

సెప్టెంబరు 4

అక్క బావకు చెప్పినట్టుంది. నేను తెచ్చిన టిఫిన్ డబ్బా అందుకుని కిటికీలో పెట్టాడు. సాయంత్రం వెళ్లేసరికి అక్కడే ఉంది. మూత కూడా తియ్యలేదు.

సెప్టెంబరు 8

షాపులో ఒక చిన్న కాగితం కంపోజ్ చేశాను. షిటాకే అసలు అర్థం, అది మందు కాదని, సూదులు మానొద్దని. పంచుదామని. రాజేందర్ సార్ స్క్రీన్ మీద చూశాడు.

"మనం అచ్చేసేటోళ్లం. ఎవలేం తెచ్చిన అచ్చేస్తం. అందుల ఏమున్నదో మనకెందుకు?"

"రాసింది నేను సార్."

"నీ పేరున్నదా దాని మీద?"

"లేదు."

"మరింకేంది? సప్పుడు జెయ్యకుంట ఉండు."

ఇరవై ఏళ్లు నా పేరు ఎక్కడా అచ్చు కాలేదని ఏడ్చాను. ఇవాళ అదే నాకు రక్ష అంటున్నాడు. కాగితం డిలీట్ చేశాడు.

సెప్టెంబరు 13

అక్కను మెట్‌పల్లి పంపించారు. సోమ, గురువారాలు కట్టు మార్పించడానికి కరీంనగర్ రావాలి. కారెక్కేటప్పుడు నర్సుకు దండం పెట్టింది. నాకు ఏమీ లేదు.

సెప్టెంబరు 16, మంగళవారం

అక్క ఫోన్! రెండు వారాలకు మొదటిసారి. బాగున్నావా లేదు, ఏమీ లేదు.

"కలెక్టరాఫీసుల సోమారం అర్జీలు తీస్కుంటరట. గా పొడి అమ్మెటోని మీద ఇయ్యాలె. మా గల్లీల ఇంకా నలుగురు తాగుతున్నరు, నా కాలు చూపిచ్చినా ఇంటలేరు. అర్జీ నువ్వే రాయి. నీకు మాటలొస్తయి గద."

"రాస్త అక్కా."

"ఎవలు అమ్మిండ్రో రాయి. ఎవలు అచ్చేసిండ్రో రాయి. మాటలు ఎవలు పుట్టిచ్చిండ్రో, గది గూడ రాయి."

పెట్టేసింది.

సెప్టెంబరు 18

మొదటిసారి రాసింది చూసుకుంటే నాకే అసహ్యం వేసింది. 'సదరు కరపత్రంలో ఒక తప్పుడు అర్థం ముద్రించబడినది.' ఎవరు? 'ప్రజలను తప్పుదోవ పట్టించడం జరిగినది.' ఎవరు పట్టించారు? జరిగినది అట, వాన కురిసినట్టు.

దాక్కోవడానికి ఎన్ని సందులో ఈ భాషలో. అన్నీ నాకు తెలుసు.

చింపేశాను.

సెప్టెంబరు 20

నాలుగోసారి కుదిరింది. ఒక్క పేజీ. 'షిటాకే అనేది జపాన్ మాట. దానికి శీతకం అనే సంస్కృత అర్థం లేదు. ఆ అర్థం నేను కల్పించాను. అసలు అర్థం తెలిసి కూడా కల్పించాను. అది నమ్మి మా అక్క సూదులు మానేసింది. ఆమె పాదం సగం తీసేశారు.' అమ్మిన మనోహర్ పేరు, అచ్చేసిన షాపు చిరునామా కూడా రాశాను. కింద నా పూర్తి పేరు.

నేను రాసినవాటిలో ఒక్క అందమైన వాక్యం లేనిది ఇదే.

సెప్టెంబరు 22, సోమవారం

కలెక్టరేట్ ముందు తంగేడు పూలు కుప్పలు పోసి అమ్ముతున్నారు. బతుకమ్మ. అక్కను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి బావ తోస్తున్నాడు. నేను వెనక. వరసలో గంటన్నర పట్టింది.

అధికారి అర్జీ మొత్తం చదివాడు. నేననుకోలేదు చదువుతాడని. మళ్లీ పైనుంచి చదివి తలెత్తాడు.

"ఈ రాసినామె ఎవరు? వచ్చిందా?"

చెయ్యెత్తాను. నన్నొకసారి, అక్క కట్టును ఒకసారి చూశాడు. అక్కను అడిగాడు — "నీకేమైతది ఈమె?"

వెనక వరసలో ఎవరో తొందర పెడుతున్నారు. బావ కుర్చీ పిడి పట్టుకుని కిటికీలోకి చూస్తున్నాడు. ఏమీ కాదని అంటుందేమో అనుకున్నాను. అంటే అననీ అనుకున్నాను.

"మా చెల్లె," అంది. కాసేపాగి, "మస్తు చదువుకున్నది సార్," అంది.

అధికారి ముద్ర కొట్టి రసీదు ఇచ్చాడు. విచారణకు పిలుస్తామన్నాడు. అప్పుడు నేను ఇదే మాట మీద ఉండాలన్నాడు.

ఉంటాను అన్నాను.

సెప్టెంబరు 23

అర్జీ సంగతి తెలిసి రాజేందర్ సార్ ఫోన్ చేశాడు. అరవలేదు. "తాళంచెవి పక్క జిరాక్స్ షాపుల ఇచ్చిపో," అన్నాడు.

ఇచ్చాను. నా డ్రాయరులో ఉన్న నిఘంటువు మాత్రం తెచ్చుకున్నాను.

సెప్టెంబరు 24

మనోహర్ అయిదుసార్లు ఫోన్ చేశాడు. ఆరోసారి ఎత్తాను. గౌరవం తగ్గలేదు. "మేడం, విచారణకు పిలుస్తె పొరపాటున రాసినన్నా అనుండ్రి. మీ మీదికే వస్తది, నా మీదికి గాదు. కాయిదం మీద నేనొక్క అక్షరం రాయలే."

నిజమే. రాయలేదు.

సెప్టెంబరు 25, గురువారం

అక్క కట్టు మార్చే రోజు. రమ్మని ఎవరూ చెప్పలేదు. పదింటికే వెళ్లి దవాఖాన గేటు లోపల నిలబడ్డాను.

పదకొండు దాటాక ఆటో వచ్చింది. డ్రైవరు చక్రాల కుర్చీ దించి విప్పుతున్నాడు. బావ దిగి నన్ను చూశాడు. పలకరించలేదు, పక్కకు జరగమని కూడా అనలేదు. తలుపు దగ్గర ఇద్దరం నిలబడ్డాం. అక్క సీటు అంచుకు జరిగింది. కట్టు ఉన్న కాలు గాల్లో పెట్టి, రెండోది నేల మీద మోపింది.

లేవడానికి చెయ్యి చాచింది. తల ఎత్తలేదు. బావ ఆ వైపే ఉన్నాడు. నేనూ ఆ వైపే ఉన్నాను. ఆ చెయ్యి ఎవరి కోసమో నాకు తెలియలేదు.